విశాఖ ఎంవీపీ కాలనీ వైపు బాస్కెట్‌బాల్ కోచింగ్: పంపొచ్చు, కానీ ఇవి తెలుసుకుని పంపండి

మా వాడు వెళ్లే సాయంత్రం బ్యాచ్ గురించి చెప్పగానే అపార్ట్‌మెంట్‌లో అందరూ అడిగేది ఒకటే, "ఆ కోచ్ ఏ లెవెల్ దాకా ఆడాడండీ?" అని. కాలేజీ టీమ్‌కి ఆడాడు, అంతే. అది విని పెదవి విరిచేస్తారు. కానీ అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీకి 1980 నుంచి 2022 దాకా కోచ్‌గా ఉండి ఐదు నేషనల్ టైటిళ్లు కొట్టిన మైక్ షషెఫ్‌స్కీ కూడా ఆర్మీ కాలేజీ టీమ్‌లో గార్డ్ స్థానంలో ఆడినవాడే, అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆయన తర్వాత వచ్చిన జాన్ షాయర్ 2010లో టైటిల్ గెలిచిన డ్యూక్ టీమ్‌లో ఆటగాడు, ఆ తర్వాత అక్కడే ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా చేసి 2022లో హెడ్ కోచ్ అయ్యాడు. పతకాలు లెక్కపెట్టడం మానేసి ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని క్లాసు చూడండి.

మా సార్ కూడా వేరొకరి దగ్గర బంతులు మోసి, కోన్లు పేర్చి పైకొచ్చినవాడే. ఇప్పటికీ పిల్లలకంటే ముందొచ్చి కోర్టు మీద ఇసుక తనే ఊడుస్తాడు. మొదట్లో బుట్టకేసి బంతి విసరనివ్వడు, పిల్లలు గోల పెట్టినా సరే. లే-అప్ కోసం, అంటే పరిగెత్తుకొచ్చి బుట్ట దగ్గర ఎగిరి బంతి వేయడం కోసం, సిమెంటు మీద సుద్దతో పాదాలు గీస్తాడు: కుడి, ఎడమ, ఎగురు. కుడి చెయ్యి వీపు వెనక పెట్టించి ఎడమ చేత్తోనే బంతిని నేలకి కొడుతూ డ్రిబుల్ చేయిస్తాడు, తల దించారా విజిలే. "బంతికేసి ఏటి చూస్తన్నావ్ రా, అదెక్కడికీ పోదు, ఎదుటోణ్ని చూడు!"

నాకు బాగా నచ్చింది బంతుల విషయం. చిన్నపిల్లలకి 5వ సైజు, పెద్ద ఆడపిల్లలకి 6, పెద్ద కుర్రాళ్లకి 7. చాలాచోట్ల అందరి చేతిలో ఏడే పెట్టేస్తారు, పదేళ్ల పిల్లాడు ఆ బరువుని పైకి పంపలేక నడుము దగ్గర్నుంచి రెండు చేతుల్తో విసురుతాడు, ఆ అలవాటు ఓ పట్టాన పోదు. కాకపోతే ఇక్కడా రింగు ఎత్తు పెద్దవాళ్లదే, 3.05 మీటర్లు. చిన్నపిల్లలాడే మినీ బాస్కెట్‌బాల్‌కి 2.60 ఉండాలి, దించే ఏర్పాటు లేదు.

ఇక తలనొప్పులు. ఫీజు మూడు నెలలది ముందే కట్టాలి. వాన పడితే క్లాసు లేదు, సరే, కానీ ఆ మెసేజ్ మనం బండి తీసి సగం దారిలో ఉండగా వస్తుంది, పోయిన క్లాసుకి బదులు క్లాసు అడిగితే నవ్వి ఊరుకుంటారు. లైట్లు ఒకవైపే, శీతాకాలం సాయంత్రాలు రెండో రింగు దగ్గర ఏమీ కనపడదు. బయటి టీములతో మ్యాచ్‌లు బాగా తక్కువ, టోర్నమెంట్ల ఆశతో చేర్పిస్తే విసుగొస్తుంది.

బూట్లు మాత్రం రన్నింగ్‌వి వేసి పంపకండి. పక్కలకి కదిలేటప్పుడు చీలమండ మెలికపడుతుందని సార్ ఆ రోజంతా కూర్చోబెట్టేస్తాడు, బతిమాలినా వినడు.