ఎడమ పక్క వైర్ కప్, కుడి పక్క హీట్ గన్: రన్నింగ్ బోర్డు కోటింగ్ పీకి ఐదు వర్షాకాలాలయ్యాక

మా కారు 2009 మోడల్ హోండా సిటీ, తెల్లది. ఉండేది విశాఖలో. సముద్రం దగ్గరే కాబట్టి ఇనుము అన్నదేదీ ఇక్కడ ఊరికే ఉండదు. డోర్ల కింద ఉండే బాడీ రేకు, అంటే మేం రన్నింగ్ బోర్డులనేవాటి మీదున్న కోటింగ్ పీకి, మళ్లీ పెయింట్ వేయించింది 2021 జనవరిలో. పీకుడు పని నాది, పెయింట్ పని గాజువాక ఆటోనగర్‌లో ఒక మేస్త్రిది. ఎడమ పక్క ఒకలా పీకాను, కుడి పక్క ఇంకోలా. ప్రయోగం చేద్దామని కాదు, ఎడమ పక్క అయ్యేసరికి బుద్ధొచ్చింది, అంతే.

ముందు ఆ కోటింగ్ అక్కడికెలా వచ్చిందో చెప్పాలి. కారు కొత్తలో ఒక యాక్సెసరీల షాపులో అడుగున యాంటీ రస్ట్ కోటింగ్ వేయించాను. ఆ కుర్రాడు "రాళ్లు తగలకుండా ఉంటుంది సార్" అంటూ రన్నింగ్ బోర్డుల మీదకి కూడా కొట్టేశాడు. తారు లాంటి నల్ల సరుకు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి చెట్టుకొమ్మ పడి డోర్లు నొక్కుకుపోయాయి. అప్పుడు పెయింట్ వేసినాయన ఆ నలుపు మీదే తెల్లరంగు కొట్టి ఇచ్చాడు. ఏడాది తిరక్కుండా తెలుపులోంచి టీ మరకల్లాంటి పసుపు తేలింది. తర్వాత మొసలి తోలులా పగుళ్లు. తారు సరుకు మీద పెయింట్ పడితే థిన్నర్‌కి అది కరిగి పైకొస్తుందని, కింద మెత్తగా ఉండే పొర మీద గట్టి పొర నిలవదని ఆ తర్వాతే తెలిసింది.

పీకడం మొదలుపెట్టాక ఇంకో సంగతి బయటపడింది. ఆ నలుపు కింద కంపెనీ వేసిన కోటింగ్ వేరే ఉంది. నారింజ తొక్కలా గరుకుగా, రబ్బరులా సాగుతూ, పైన కారు రంగే వేసి ఉంటుంది. అది పీవీసీ అనే ప్లాస్టిక్. ఫ్యాక్టరీలో పెయింట్ ఓవెన్‌లో కాలి గట్టిపడుతుంది. ఏది ఏదో తెలియాలంటే గుడ్డకి కొంచెం థిన్నర్ అద్ది ఒక మూల రుద్ది చూడండి. గుడ్డ నల్లగా మారితే తారు సరుకు. పై రంగు కాస్త అంటుకుని, కింద పొర చెక్కుచెదరకుండా ఉంటే కంపెనీది. రెంటికీ మందు ఒకటి కాదు. నేను ఎడమ పక్క రెంటికీ ఒకే మందు వేశాను.

ఆ మందు నాలుగంగుళాల గ్రైండర్‌కి బిగించిన వైర్ కప్, అంటే గిన్నె ఆకారంలో ఉండే తీగల బ్రష్. మూడు గంటల్లో పక్క మొత్తం అయిపోయింది. ఆ వేగానికే పడిపోయాను. కానీ తారు సరుకు రాపిడి వేడికి కరిగి, వైరు మొనలకి అంటుకుని, పీకిన చోటే మళ్లీ పూసుకుంటూ పోయింది. చూడ్డానికి ఇనుము తళతళా మెరుస్తోంది. ఆ మెరుపు చూసి సంబరపడ్డాను గానీ, వైరు ఇనుమునీ తుప్పునీ కలిపి పాలిష్ పట్టేస్తుందని అప్పుడు తెలీదు. గుంటల్లో తుప్పు అలాగే ఉంటుంది, పైన నునుపుగా మెరుస్తుంది. ప్రైమర్‌కి పట్టు దొరకదు. ఒకచోట ఎక్కువసేపు ఆపితే రేకు నీలం తిరిగింది కూడా. పల్చటి రేకు, వేడికి ఇట్టే వంకర పోతుంది. తెగిన వైరు ముక్కలు జీన్స్ గుండా తొడలో గుచ్చుకున్నాయి. కళ్లద్దాలు పెట్టుకున్నాను కానీ కాళ్లకి హవాయి చెప్పులే. ఆ విషయానికి ఇంట్లో ఇప్పటికీ తిట్లు పడుతూనే ఉంటాయి.

మేస్త్రిని పిలిచి చూపిస్తే ఆయన వేలితో గోకి, "బాబూ, రేకుకి గీతలుండాలి, అద్దంలా ఉంటే రంగు దేన్ని పట్టుకుంటుంది?" అన్నాడు. "రెండో పక్క హీట్ గన్‌తో తీయండి. తొందరపడొద్దు." హీట్ గన్ అంటే బాగా వేడి గాలి ఊదే పనిముట్టు. ఎడమ పక్కకి ఆయన ఎమరీ పేపరు పట్టి ఎంత చేయాలో అంత చేశాడు. కానీ కింద అంచు మడతలోకి చెయ్యి దూరదు.

కుడి పక్కకి దాదాపు రెండు రోజులు పట్టింది. తారు పొరని పొద్దున్నే, మంచు వదలక ముందే గోకాను. చల్లగా ఉన్నప్పుడు అది పెళుసుగా పెచ్చులు లేస్తుంది, ఎండెక్కితే బంక. ఎండాకాలంలో ఈ పని పెట్టుకోకండి. మిగిలిన మరకలు కిరోసిన్ గుడ్డతో తుడిచి, కిరోసిన్ జిడ్డు పోవడానికి థిన్నర్‌తో మళ్లీ తుడిచి, ఆ రోజుకి ఆపేశాను. కిరోసిన్, హీట్ గన్ ఒకే రోజు ఒకే చోట ఉండకూడదు, చెప్పక్కర్లేదనుకుంటా.

మర్నాడు కంపెనీ కోటింగ్. గన్‌ని తక్కువ వేడిలో పెట్టి, బెత్తెడు దూరంలో ఆపకుండా ఆడిస్తూ ఉంటే పొర ముదురుపాకంలా మెత్తబడుతుంది. అప్పుడు పుట్టీ బ్లేడు దూర్చి నెడితే పట్టీలు పట్టీలుగా వచ్చేస్తుంది. బ్లేడు మూలలు ముందే అరగదీసి గుండ్రం చేసుకోండి, లేకపోతే రేకు మీద గాట్లు పడతాయి. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టే. పీవీసీ మాడితే వచ్చే పొగలో యాసిడ్ ఉంటుంది, గొంతు పట్టేస్తుంది. ఆరుబయటే చేయాలి. లోపల కార్పెట్, డోర్ రబ్బరు ముందే ఊడదీశాను. పెట్రోలు పైపు, బ్రేకు పైపులు అడుగునే వెళ్తాయి కాబట్టి గన్ మూతి అటు తిప్పలేదు. పక్కన బకెట్ నీళ్లు.

పొర వచ్చేశాక మిగిలిన అంటుకి గ్రైండర్ మీదే స్ట్రిప్ డిస్క్ వాడాను. గరుకు స్పాంజిలా ఉండే డిస్క్, 3ఎం వాళ్లవీ దొరుకుతాయి. దాని గొప్ప ఏమిటంటే రంగునీ తుప్పునీ తింటుంది, మంచి రేకుని పెద్దగా తినదు, సన్నటి గీతలు వదులుతుంది. పక్క మొత్తానికి మూడు డిస్కులు అరిగాయి. వేడి తగ్గకుండా దీన్ని పెడితే మాత్రం పీవీసీ బంక డిస్కు నిండా పట్టి పాడవుతుంది. మొదటిది నాకలాగే పోయింది.

పెయింట్ రిమూవర్ జెల్ కూడా ఒక జానెడు చోట వాడి చూశాను. పని చేస్తుంది, కానీ అతుకుల సందుల్లోకి దిగి కూర్చుంటుంది. ఎంత కడిగినా కొంత మిగిలి, పైన వేసిన ప్రైమర్‌ని ఆ సందు దగ్గర లేపేసింది. రెండోసారి వాడలేదు.

పీకుతుంటే బయటపడ్డ అసలు దొంగ వేరే. రన్నింగ్ బోర్డు అడుగున నీళ్లు కారిపోవడానికి కంపెనీ వాళ్లే చిన్న బెజ్జాలు పెడతారు. షాపువాడి తారు వాటిని మూసేసింది. సైకిల్ పుల్లతో పొడిస్తే ఎర్రటి నీళ్లు, తుప్పు పొడి కలిసి కారాయి. నాలుగు బెజ్జాల్లో మూడు మూసుకున్నవే. తుప్పు పట్టకుండా వేయించిన కోటింగే లోపల నీళ్లు నిల్వ పెట్టిందన్నమాట!

ఆ తర్వాత పని మేస్త్రిది. రేకు బయటపడ్డ రోజే ఎపాక్సీ ప్రైమర్ వేయించాను. ఇక్కడి గాలికి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి ఎర్రజీర వస్తుంది. పుట్టీ కావలసిన చోట ఆ ప్రైమర్ మీదే పెట్టాడు. పుట్టీ నీళ్లు పీలుస్తుంది కాబట్టి ఒట్టి రేకు మీద పెట్టకూడదంటాడు. తర్వాత పైన రంగు వేయడానికి పనికొచ్చే రకం స్టోన్ గార్డ్, అంటే రాళ్ల దెబ్బలు ఆపే పూత. దాని మీద కారు రంగు, ఆపైన క్లియర్ కోట్ అనే రంగులేని పూత. డబ్బా మీద పైన పెయింట్ వేయొచ్చని ఉందో లేదో నేనే చదివి చూసుకున్నాను. ఒకసారి కాలింది కదా.

ఇప్పుడు ఎలా ఉందంటే, ఎడమ పక్క మూడో వర్షాకాలానికే వెనక చక్రం దగ్గర కింద అంచులో బుడగలు లేచాయి. ఇప్పుడు చేతి వెడల్పున పెచ్చు ఊడింది, కింద రేకు నున్నగా, గోధుమరంగుగా ఉంది. ప్రైమర్ పట్టుకోనేలేదు. కుడి పక్క జెల్ వాడిన జానెడు తప్ప ఎక్కడా బుడగ లేదు.

అన్నిటికంటే బాగున్నది మాత్రం నేను పీకని చోటు. కుడి పక్క ముందు చక్రం వెనక కంపెనీ కోటింగ్ గట్టిగా అతుక్కుని ఉంటే, అప్పటికి ఓపిక చచ్చి, అంచు సన్నగా అరగదీసి దాని మీదే స్టోన్ గార్డ్ వేయించాను. అతుకు ఎక్కడో నాకే కనబడదు. రేకుల అంచు అతుకుల్లో కంపెనీ పెట్టిన సీలెంట్ కూడా బాగుంటే ముట్టుకోకండి. తారు సరుకైతే ఒక్క చుక్క కూడా వదలొద్దు. కంపెనీదైతే లేచిన చోటే తీయండి.

ఖర్చు: హీట్ గన్ సుమారు 1,800 రూపాయలు, డిస్కులు మూడూ కలిపి 800 లోపు, మాస్కూ కళ్లద్దాలూ వేరే. గన్ ఇప్పటికీ పనిచేస్తోంది. దాంతో పాత స్టిక్కర్లు పీకాను, పైపులు వంచాను. వైర్ కప్ గేటు తుప్పు గీకడానికి పంపు షెడ్డులో పడుంది. ఎడమ పక్క ఈసారి చలికాలంలో మళ్లీ మొదటినుంచీ. మేస్త్రికి ఫోన్ చేస్తే, "బూట్లు కొన్నారా బాబూ?" అన్నాడు. కొన్నాను.