నాన్‌జింగ్ చలికి మూడేళ్ళ కషాయం: దాంగ్‌గ్వే సిని తాంగ్ వాడాక

చైనాలోని నాన్‌జింగ్‌లో చలి ఇంట్లోనే ఎక్కువ. హువాయ్ నదికి ఉత్తరాన ఉన్న ఊళ్ళలో చలికాలం ఇళ్ళకు వేడి సరఫరా ఉంటుంది, దక్షిణాన ఉన్న మాకు లేదు. విజయవాడ నుంచి వచ్చిన నాకు మొదటి డిసెంబరులోనే వేళ్ళు కొయ్యబారాయి. రెండు జతల సాక్స్ వేసుకున్నా అర్ధరాత్రి దాకా పాదాలు మంచుగడ్డలే.

పక్కింటి పెద్దావిడ నన్ను చైనా సంప్రదాయ వైద్యం చేసే వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ వైద్యురాలు నా రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్ళు ఆనించి నాడి చూశారు, నాలుక చూశారు, నెలసరి గురించి అడిగారు. తర్వాత అడిగిన ప్రశ్న నేనెప్పటికీ మర్చిపోను: "చల్లదనం ఎంత పైకి వస్తుంది?" వేళ్ళ దగ్గరే ఆగి, లోపల టెన్షన్ బిగబట్టినట్టుంటే సిని సాన్ అనే మందు ఇస్తారట. మోచేతులు, మోకాళ్ళు దాటి, నీరసంతో మగతగా ఉంటే సిని తాంగ్ అనే కషాయం. నాది సన్నని నాడి, రక్తం తక్కువ, పైగా చలి పట్టింది కాబట్టి దాంగ్‌గ్వే సిని తాంగ్ రాశారు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదానికి బదులు ఇంకొకటి కొనకండి. సిని తాంగ్‌లో వత్సనాభి జాతి వేరు ఉంటుంది, దాన్ని సరిగ్గా శుద్ధి చేసి మరిగించకపోతే విషమే.

నా కషాయంలో దాంగ్‌గ్వే అనే చైనా మూలిక వేరు, దాల్చిన కొమ్మలు, అతిమధురం, ఎండు రేగుపళ్ళు, ఇంకా మూడు దినుసులు. ఆసుపత్రిలోనే కాచి ప్యాకెట్లలో ఇస్తారు, వేడినీళ్ళలో పెట్టి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తాగాలి. తియ్యగా మొదలై చేదుగా దిగుతుంది. అమ్మ కాచే శొంఠి కషాయం దీని ముందు పాయసం.

మూడు వారాల దాకా తేడా తెలియలేదు. తర్వాత పడుకున్న అరగంటలో కాళ్ళు వెచ్చబడటం మొదలైంది. మూడు చలికాలాల తర్వాత కాళ్ళకు నూటికి అరవై మార్కులు, చేతులకు ముప్పై ఇస్తాను. అయితే మొదటి ఏడాదే రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.6 వచ్చి ఐరన్ మాత్రలు కూడా వాడాను, రోజూ రాత్రి అల్లం వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టాను. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను.

అతిమధురం ఎక్కువకాలం తీసుకుంటే బీపీ పెరగొచ్చు, పొటాషియం తగ్గొచ్చు. అందుకే నెలకోసారి బీపీ చూసుకుంటాను, మార్చి వస్తే కషాయం ఆపేస్తాను. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు దాంగ్‌గ్వే జోలికి పోకూడదు. వేళ్ళు తెల్లగా, నీలంగా మారుతుంటే ముందు మామూలు డాక్టరుకు చూపించండి, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. నాకు అందులో ఏమీ తేలలేదు కాబట్టే ధైర్యంగా కషాయం కొనసాగించాను.