మోటెక్ ఐ2తో మూడు నెలలు: సెటప్ మార్చే ముందు నేను చూసేవి

మొన్న ఆదివారం రాత్రి సిమ్ రేసింగ్ గేమ్‌లో (కంప్యూటర్ మీద నిజమైన కారులా నడిపే రేసింగ్) మోంజా ట్రాక్ మీద బీఎండబ్ల్యూ ఎం4 జీటీ3 కారుతో 1:48.9 లాప్ టైమ్ వచ్చింది. మూడు నెలల క్రితం అదే కారు, అదే ట్రాక్, అదే పాత జీ29 స్టీరింగ్‌తో 1:49.6 దగ్గర ఆగిపోయి ఎంత నడిపినా కిందికి దిగలేదు. ఈ 0.7 సెకన్ల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు ఒక్కో మలుపు లెక్కన చెప్పగలను. అలా చెప్పగలిగేలా చేసింది, కారు డేటాని గీతలుగా చూపించే మోటెక్ ఐ2 అనే సాఫ్ట్‌వేర్, అందుకే దాని మీద ఈ రివ్యూ రాస్తున్నాను. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఇక్కడ సిమ్ రేసింగ్ ఆడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, పక్కన కూర్చుని నేర్పేవాళ్ళు దొరకరు. కాబట్టి ఏ టూల్ పనికొస్తుందో, దేనికి డబ్బు పెట్టనక్కర్లేదో వివరంగా చెప్తాను.

నేను ఆడేది అసెట్టో కోర్సా కాంపిటీజియోనే, అందరూ ఏసీసీ అనేది. ఇటలీకి చెందిన కునోస్ వాళ్ళది, పూర్తి వెర్షన్ 2019లో వచ్చింది. ఇందులో సెటప్ పేజీ (కారు సర్దుబాట్లు చేసుకునే చోటు) తెరిస్తే టైర్లు, ఎలక్ట్రానిక్స్, మెకానికల్ గ్రిప్, డాంపర్లు, ఏరో లాంటి ట్యాబులు, ఒక్కోదాంట్లో బోలెడు మీటలు. కారు తిరగట్లేదు అనిపించగానే చెయ్యి దాని మీదకి పోతుంది, రెండు క్లిక్కులు ఇటు, మూడు అటు. నేను సంవత్సరం పైగా అలాగే చేశాను. ఒకరోజు బాగుండేది, మర్నాడు అదే సెటప్‌తో గోడకి కొట్టేవాణ్ణి, ఎందుకో అర్థమయ్యేది కాదు.

అప్పుడు ఒక సెటప్ సర్వీస్‌కి నెలనెలా డబ్బు కట్టాను. పేరు చెప్పను. పని చేసే పద్ధతి సులువే: వాళ్ళ యాప్ వేసుకుంటే ప్రతి కారుకి, ప్రతి ట్రాక్‌కి సెటప్ ఫైళ్ళు డాక్యుమెంట్స్‌లోని ఏసీసీ ఫోల్డర్‌లో వచ్చి పడతాయి, గేమ్‌లో లోడ్ చేసుకోవడమే. ఫాస్ట్ డ్రైవర్లు చేసిన సెటప్‌లు, అందులో అనుమానం లేదు. కానీ ఆ సెటప్‌తో కారు బ్రేకింగ్‌లో వెనక చక్రాలు తేలిపోయేలా ఉంటుంది, ఆ డ్రైవర్లు దాన్ని పెడల్ మీద పట్టుకుంటారు, నాకు ఆ పట్టు లేదు. పది లాప్‌ల రేసులో మూడుసార్లు అదుపు తప్పి గిర్రున తిరిగిపోయాను. పైగా ఆ సెటప్ ఏ వాతావరణంలో చేశారో ఫైల్‌తో పాటు ఎక్కడా రాయలేదు. నేను రద్దు చేశాక కూడా ఇంకో నెల డబ్బు కట్ అయింది, మెయిల్ పెడితే రెండు వారాలకి ఒక రెడీమేడ్ జవాబు వచ్చింది. ఆ డబ్బు తిరిగి రాలేదు. మా ఇంట్లో డబ్బు ఎంత కష్టపడితే వస్తుందో నాకు తెలుసు కాబట్టి అది ఇప్పటికీ మింగుడు పడలేదు.

మోటెక్ సంగతి చెప్పింది మా బావ. హైదరాబాద్‌లో ఉంటాడు, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు వెళ్ళి చూసొచ్చి, ఆ ఊపులోనే సిమ్ కొనుక్కున్నాడు. ఫోన్ చేసి, "బావా, ముందు చక్రాలు తిరగట్లేదు, యాంటీ రోల్ బార్ ఇంకా మెత్తగా పెట్టనా?" అని అడిగితే (మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ అది), "ఒరేయ్, దాన్ని ముట్టుకోకు. ముందు టెలిమెట్రీ ఫైలు పంపు, చూశాక చెప్తా" అన్నాడు. టెలిమెట్రీ అంటే లాప్ పొడుగునా బ్రేక్, స్టీరింగ్, టైర్ల లాంటి వాటి మీద రికార్డయ్యే డేటా. నాకు ఆ ఫైలంటే ఏంటో కూడా తెలీదు అప్పటికి.

మోటెక్ అనేది ఆస్ట్రేలియా కంపెనీ, నిజమైన రేసు కార్లకి డేటా లాగర్లు (డేటా రికార్డు చేసే పెట్టెలు), ఈసీయూలు (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్లు) చేస్తుంది. ఐ2 అనేది ఆ లాగర్ల డేటాని చూసుకునే సాఫ్ట్‌వేర్. ఉచితం, విండోస్ మీద నడుస్తుంది. ఏసీసీ దానికి కావాల్సిన ఫైళ్ళని తనే రాసిపెడుతుంది, వేరే ప్లగిన్ ఏదీ అక్కర్లేదు. సెటప్‌లో ఎలక్ట్రానిక్స్ ట్యాబ్‌లో టెలిమెట్రీ లాప్స్ అని ఒక గడి ఉంటుంది, అందులో ఎన్ని లాప్‌లు రికార్డు కావాలో అంకె పెట్టాలి. అది సున్నా మీద ఉంటే ఏమీ రాదు. నేను మొదటి రెండు రోజులు ఈ ఒక్క గడి తెలియకే ఖాళీ ఫోల్డర్ చూస్తూ కూర్చున్నాను. ఇంకోటి, ఐ2 తెరిచి ఫైలు ఎక్కించగానే ఏమీ అర్థం కాని ఖాళీ పేజీ వస్తుంది. ఏసీసీ కోసం తయారుచేసిన వర్క్‌స్పేస్ (గ్రాఫుల అమరిక) ఒకటి దింపుకుని అందులో ఫైలు తెరవాలి, అప్పుడే గ్రాఫులు వాటి చోట్లలో కనిపిస్తాయి. ఆ అవస్థ దాటితే మిగతాది చదువుకోవడమే.

మొదటి ఫైలు బావ, నేను స్క్రీన్ షేర్ పెట్టుకుని చూశాం. మోంజా మొదటి చికేన్. స్ట్రెయిట్ చివర గట్టిగా బ్రేక్ వేసి, కుడికి, వెంటనే ఎడమకి. నా కంప్లయింట్ అక్కడ ముందు తిరగట్లేదని. బ్రేక్ గీత చూస్తే నూరు శాతం దాకా నిటారుగా లేచింది, కాసేపు అలాగే ఉంది, తర్వాత గోడ కూలినట్టు ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. ఆ పడిన చోటే స్టీరింగ్ గీత మొదలైంది. అంటే బ్రేక్ మొత్తం వదిలేశాకే స్టీరింగ్ తిప్పుతున్నాను. బ్రేక్ వదలగానే బరువు ముందు చక్రాల మీద నుంచి వెనక్కి పోతుంది, ఇక ముందు టైరు ఎక్కడ కరుస్తుంది? బావ తన లాప్‌ని దాని మీద పరిచాడు. అతని బ్రేక్ గీత పైనుంచి కిందికి వాలుగా, మలుపు లోపలికి వెళ్ళేదాకా సన్నగా దిగుతూ ఉంది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి చూసినప్పుడు నేను సంవత్సరంగా మార్చిన యాంటీ రోల్ బార్లు, స్ప్రింగులు అన్నీ గుర్తొచ్చాయి. వాటిలో దేనికీ ఈ మలుపుతో సంబంధం లేదు.

అలాగని తప్పంతా ఎప్పుడూ నా కాలిదే కాదు, ఈ టూల్ మీద నాకు అసలు గురి కుదిరింది రెండో లెస్మో దగ్గర. అది కుడి మలుపు, బరువంతా ఎడమ ముందు చక్రం మీద పడుతుంది. అక్కడ మలుపు మధ్యలో నేను స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పుతున్నాను, కారు మాత్రం బయటకే పోతోంది, బ్రేక్ గీత, యాక్సిలరేటర్ గీత రెండూ శుభ్రంగానే ఉన్నాయి. కిందికి జరిగితే బంప్‌స్టాప్ (సస్పెన్షన్ మరీ కుంగకుండా ఆపే రబ్బరు స్టాపర్) ఫోర్స్ గ్రాఫు ఉంది. ఎడమ ముందు చక్రం గీత సరిగ్గా ఆ మలుపు మధ్యలో గుట్టలాగా లేచింది, మిగతా మూడు గీతలూ అడుగునే ఉన్నాయి. సస్పెన్షన్ కుంగి కుంగి రబ్బరు స్టాపర్‌కి తగులుతోంది. తగలగానే ఆ మూల ఒక్కసారిగా బండరాయిలా గట్టిపడి టైరు పట్టు వదిలేస్తోంది. ముందు చక్రాల బంప్‌స్టాప్ రేంజ్ (స్టాపర్‌కి తగిలేలోపు ఉండే ఖాళీ) మూడు క్లిక్కులు పెంచాను, ఇంకేదీ ముట్టుకోలేదు. మళ్ళీ ఐదు లాప్‌లు వేసి ఫైలు తెరిస్తే గుట్ట పోయి చిన్న గట్టు మిగిలింది, స్టీరింగ్ తిప్పే కోణం తగ్గింది, ఆ మలుపు నుంచి తర్వాతి ఆస్కారి మలుపులు వచ్చేలోపు 0.2 సెకన్లు మిగిలాయి. ఇది సీట్లో కూర్చుని ఊహించి పట్టుకోగలిగేది కాదండి. చేతులకి తెలిసేది 'ముందు పోతోంది', అంటే ముందు చక్రాలు పట్టు వదిలి బయటికి జారుతున్నాయి అని మాత్రమే. ఎందుకు పోతోందో గీతలోనే కనిపిస్తుంది.

మా నాన్నకి రొయ్యల చెరువులు ఉన్నాయి. నా చిన్నప్పుడు నీళ్ళ రంగు చూసి, రొయ్య పైకి తేలిందా లేదా చూసి నిర్ణయాలు తీసుకునేవాళ్ళు. ఇప్పుడు తెల్లారుజామున నాలుగింటికి మీటరు ముంచి ఆక్సిజన్ చూస్తాడు, 4 పీపీఎం దగ్గరికి వస్తోందంటే ఏరియేటర్లు అన్నీ వేస్తాడు. రొయ్య పైకి తేలేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. నేను ఈ గ్రాఫులు చూపిస్తుంటే వెనక నిలబడి కాసేపు చూసి ఒక్క మాట అన్నాడు: "చెరువులో నాలుగు మందులు ఒకేసారి వేస్తే ఏది పనిచేసిందో ఎవడికి తెలుస్తుందిరా? ఒకటి వెయ్యి, చూడు, తర్వాత ఇంకోటి." అప్పటి నుంచి నా పద్ధతి అదే. ఒక మార్పు, ఐదు లాప్‌లు, ఒక ఫైలు. నోట్‌బుక్‌లో తారీఖు, గాలి వేడి, ట్రాక్ వేడి, మార్చిన అంకె రాసుకుంటాను.

గాలి వేడి ఎందుకంటే టైర్ ప్రెషర్. ఏసీసీలో 2023లో వచ్చిన 1.9 అప్‌డేట్ తర్వాత జీటీ3 తరగతి కార్లకి పొడి ట్రాక్ మీద వాడే టైర్లు వేడెక్కాక 26 నుంచి 27 పీఎస్ఐ మధ్య ఉంటే పట్టు బాగుంటుంది. గాలి ఒక డిగ్రీ పెరిగితే ప్రెషర్ సుమారు 0.1 పెరుగుతుంది. అంటే 22 డిగ్రీల్లో 26.6 వచ్చేలా చేసిన సెటప్‌ని గాలి వేడి 30 డిగ్రీలు ఉన్న ఆన్‌లైన్ సర్వర్‌లో వేస్తే 27.4కి పోతుంది, కారు మంచు మీద నడిచినట్టు ఉంటుంది. నేను డబ్బు కట్టిన సెటప్‌లతో తిరిగిపోవడానికి సగం కారణం ఇదే అయ్యుంటుందని ఇప్పుడు అనిపిస్తోంది. పాత వీడియోల్లో 27.5 పెట్టమని చెప్తారు, అది పాత వెర్షన్ లెక్క, నమ్మకండి. మోటెక్‌లో నాలుగు చక్రాల ప్రెషర్ గీతలు లాప్ లాప్‌కీ ఎలా ఎక్కుతున్నాయో చూడొచ్చు. మోంజాలో నాకు నాలుగో లాప్‌కి గానీ నిలకడ రావట్లేదు, కాబట్టి రెండు లాప్‌లు నడిపి ప్రెషర్ సరిచేయడం ఎంత తప్పో అర్థమైంది.

డాంపర్ హిస్టోగ్రామ్‌లు కూడా ఉన్నాయి, సస్పెన్షన్ ఎంత వేగంగా కదులుతోందో పట్టీలుగా చూపిస్తాయి. అవి నాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు, కాబట్టి దాని మీద ఎక్కువ రాయను.

పక్కన వాడినవి రెండు చెప్తాను. రేస్ ఎలిమెంట్ అనే యాప్ ఉచితం. రెండు సెటప్ ఫైళ్ళని పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో చూపిస్తుంది, దీనికోసమే వేసుకోండి. నిన్నటి సెటప్‌కీ ఇవాళ్టిదానికీ ఏం మార్చానో మర్చిపోయే రోజులు పోయాయి. సిమ్‌హబ్ అనే యాప్ పాత ఫోన్ని డాష్‌బోర్డుగా మార్చుకోవడానికి, ప్రెషర్లు కళ్ళెదురుగా ఉంటాయి. ఉచిత వెర్షన్‌లో స్క్రీన్ సెకనుకి పదిసార్లే మారుతుంది, ప్రెషర్లకి అది చాలు.

లక్షణం టైపు చేస్తే సెటప్ మార్పులు చెప్పే యాప్‌లు కూడా రెండు ప్రయత్నించాను. 'మలుపులో ముందు పోతోంది' అని ఇస్తే ఐదు మార్పుల లిస్టు ఇస్తుంది. వింగ్ అంటే ఏంటి, ప్రీలోడ్ అంటే ఏంటి అని నేర్చుకునేవాళ్ళకి పనికొస్తాయి. కానీ మొదటి చికేన్‌లో నా సమస్యా, లెస్మోలో నా సమస్యా వాటికి ఒక్కటే, రెండిటికీ అదే లిస్టు వచ్చింది. అసలు కారణాలు మాత్రం ఒకటి కాలిలో, ఇంకోటి బంప్‌స్టాప్‌లో ఉన్నాయి. అందుకే వాటికి డబ్బు పెట్టమని ఎవరికీ చెప్పను.

మోటెక్‌లో నాకు నచ్చనిది కూడా ఉంది. చిన్న లాప్‌టాప్ స్క్రీన్ మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి. మెనూలు ఇంజనీర్ల కోసం చేసినవి, మొదటి వారం విసుగు పుడుతుంది, చానల్స్ పేర్లు అన్నీ పొట్టి అక్షరాల్లో ఉంటాయి. మీకు మీరే లాప్ పోల్చుకుంటే సగం లాభమే, మీకంటే సెకను ఫాస్ట్‌గా ఉన్నవాళ్ళ ఫైలు ఒకటి కావాలి, అదే కారు, అదే ట్రాక్‌ది. నాకు బావ ఉన్నాడు, లేనివాళ్ళు ఎవరినైనా అడిగి సంపాదించుకోవాల్సిందే. ఇంకో సంగతి మన వైపు వాళ్ళకి: ఒకసారి సెషన్ మధ్యలో కరెంటు పోయింది, ఆ రోజు ఫైలు మిగల్లేదు, గంటసేపు నడిపింది పోయింది. ఇప్పుడు యూపీఎస్ పెట్టాను, పైగా ప్రతి ఐదు లాప్‌లకీ పిట్‌లోకి వచ్చేస్తున్నాను.

డబ్బు చేతిలో ఉండి ఏది కొనాలా అని చూస్తున్నవాళ్ళకి నా మాట: సెటప్‌లకి కట్టే డబ్బు దాచి ముందు బ్రేక్ పెడల్ మంచిది తీసుకోండి, ఐ2కి రూపాయి అక్కర్లేదు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు తగ్గించింది మొదటి వారం పెట్టిన అవస్థకి.

వచ్చే ఆదివారం స్పా ట్రాక్ మొదలుపెడుతున్నాం. 7 కిలోమీటర్ల ట్రాక్, ఓ రూజ్ అనే మలుపు అడుగున నాలుగు చక్రాలూ ఒకేసారి కుంగుతాయి. అక్కడ బంప్‌స్టాప్ గీతలు ఎలా లేస్తాయో చూడాలని ఇప్పటి నుంచే ఆత్రంగా ఉంది. ఎం4తో స్పాలో 2:20 లోపు నడిపేవాళ్ళు ఎవరైనా ఉంటే మీ ఫైలు ఒకటి పంపండి, మోంజా, ఇమోలా ఫైళ్ళు నా దగ్గర ఉన్నాయి, అడిగితే ఇస్తాను.