రంగుల పుస్తకమా, తెల్ల కాగితమా? రెండేళ్ల పిల్లల మాటలకి ఏది మేలు?

"పాపకి రెండేళ్లు వస్తున్నాయి, మాటలు పెరగడానికి ఏ కలరింగ్ బుక్ కొనమంటారు?" అని తరచూ అడుగుతున్నారు. పుస్తకమే కొనాలన్నది ముందే తేలిపోయినట్టుంది. మా ఇంట్లో పుస్తకం, తెల్ల కాగితం, ట్యాబ్ మూడూ నడిచాయి కాబట్టి నాకు తోచింది చెప్తాను.

ఈ వయసు పిల్లలు క్రేయాన్‌ని పిడికిట్లో పట్టుకుని చెయ్యంతా ఊపుతూ గీస్తారు. గీత దాటకుండా రంగు వేయడం వాళ్ల వల్ల కాదు. కాబట్టి నీట్‌గా వేయడం సంగతి వదిలేసి, ఏది పెడితే ఇంట్లో ఎక్కువ మాటలు పుడతాయో చూద్దాం.

పుస్తకంలో మంచి గుణం, అదే బొమ్మ రోజూ కనబడటం. ఒక మాట నోటికి రావాలంటే పిల్లలు దాన్ని పదే పదే వినాలి. నిన్నటి ఏనుగు ఇవాళా అదే పేజీలో ఉంటుంది. తెలుగు అక్షరాలవి కొంటే ఆవు, ఇల్లు, ఈగ, ఉడుత అన్నీ మనకి తెలిసినవే. ఇంగ్లీషు వాటిలో ఇగ్లూ, యాక్, జైలోఫోన్ వస్తాయి. వాటి గురించి రెండేళ్ల పిల్లతో ఏం మాట్లాడతాం?

చిక్కల్లా ఏంటంటే, పుస్తకంలో ఉండేవి దాదాపు అన్నీ పేర్లే. "ఇదేంటి?" "పిల్లి." "ఇదేం కలర్?" రెండు పేజీలయ్యేసరికి అది వైవా పరీక్షలా తయారవుతుంది, పిల్ల నోరు మూసుకుంటుంది. పేర్లు ఎన్ని వచ్చినా, వచ్చింది, పడింది, పెట్టు, ఇంకా, వద్దు లాంటివి రాకపోతే రెండు మాటలు కలవవు.

తెల్ల కాగితం మీద మనమే గీస్తుంటే ఇవన్నీ వాటంతటవే వస్తాయి. "పిల్లి గీద్దామా? ఇదిగో తల. ఒక చెవి పెట్టా, ఇంకోటి నువ్వు పెట్టు. అయ్యో, తోక మర్చిపోయాం! గట్టిగా రుద్దు... విరిగిందా? పోన్లే, ఇంకోటి తీసుకో." పైగా ఏం గీయాలో పిల్లే చెప్తుంది. పొద్దున గోడ మీద కోతి కనబడితే కోతి, తాతయ్య వచ్చి వెళ్తే తాతయ్య స్కూటర్. పిల్లల ధ్యాస అప్పటికే దేని మీద ఉందో దాని గురించి మాట్లాడితే ఆ మాట తొందరగా పట్టుకుంటారు. నా దృష్టిలో తేల్చేది ఇదే. బొమ్మలు గీయడం రాదంటారా? ఒక సున్నా, రెండు చుక్కలు, నాలుగు కాళ్లు చాలు. అది కుక్కో మేకో వాళ్లే తేలుస్తారు.

అయితే కాగితానికి పక్కన మనిషి ఉండాలి. ఆఫీసు నుంచి వచ్చి నీరసంగా ఉన్న రోజు పుస్తకమే తెరవండి, కానీ ప్రశ్నలు తగ్గించి కబుర్లు చెప్పండి: "ఆవు గడ్డి తింటోంది, మనం దానికి నీళ్లు పెడదామా?"

ట్యాబ్ యాప్‌లో వేలు తగలగానే బొమ్మంతా నిండిపోతుంది, మధ్యలో మాట్లాడే సందే ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్లలోపు పిల్లలకి స్క్రీన్ వద్దంది, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దంది. ఆ గంటని దీనికి ఖర్చుపెట్టడం నాకు నచ్చదు. తడి బ్రష్ రుద్దితే రంగులు కనబడే నీళ్ల బ్రష్ పుస్తకాలు రైల్లో బాగుంటాయి, అంతే.

ఏది ఎంచుకున్నా క్రేయాన్లు లావువి కొనండి, సన్నవి విరిగితే ముక్కలు నోట్లోకి పోతాయి. అన్ని రంగులనీ "రెడ్" అంటోందని టెన్షన్ వద్దు, చాలామందికి రంగుల పేర్లు మూడేళ్ల ప్రాంతంలోనే కుదురుకుంటాయి. కానీ రెండేళ్లు నిండినా "అమ్మా దా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలపకపోతే మాత్రం క్రేయాన్లతో కాలయాపన చేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించి, వినికిడి పరీక్ష కూడా అడగండి.