తీర చిత్తడి పార్కులో బర్డ్ వాక్: పోటు చూసి టైం పెట్టేవాళ్ళు
సముద్రం పక్కన చిత్తడి నేలల పార్కులో గైడ్‌తో వెళ్ళే బర్డ్ వాక్ గురించి ఇది. 5కి 4 స్టార్లు ఇస్తున్నా, అందులో ఎక్కువ భాగం ఒకే ఒక్క కారణానికి, వీళ్ళు వాక్ టైం పెట్టేది సముద్రపు పోటు, అంటే నీళ్ళు గట్టు వైపు ఎక్కే టైం, చూసి. ఒక వారం పొద్దున్నే 6కి రమ్మంటారు, ఇంకో వారం మధ్యాహ్నం 3కి. ఇదేంటి ఒక టైం అంటూ లేదా అనిపిస్తుంది మొదట్లో, కానీ అసలు కిటుకు అక్కడే ఉంది.

నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బురద చాలా దూరం బయటపడుతుంది కదా, పురుగులు నత్తలు ఏరుకుంటూ పిట్టలన్నీ ఆ చివరికెక్కడికో వెళ్ళిపోతాయి, చేతిలో ఎంత మంచి బైనాక్యులర్ ఉన్నా చుక్కలే కనపడతాయి. పోటు ఎక్కేకొద్దీ వాటికి నిలబడ్డానికి చోటు తగ్గిపోయి అవే గట్టు వైపు వచ్చేస్తాయి. నీళ్ళు నిండుగా రావడానికి ఓ రెండు గంటల ముందు వెళ్ళి గట్టు మీద కదలకుండా ఉంటే చాలు, మనం వాటి వెంట పడక్కర్లేదు. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తూ ఉంటుంది కాబట్టి వాక్ టైం కూడా జరగాల్సిందే. ఇంకోచోట ప్రతి ఆదివారం పొద్దున 7కే అని ఫిక్స్ చేసేశారు, వెళ్తే నీళ్ళు పూర్తిగా పోయి ఉన్నాయి, కొంగలు తప్ప ఏమీ దగ్గర్లో లేవు.

ఇక్కడి గైడ్ గారు పేర్లు అప్పజెప్పించరు, ముక్కు చూడండి నడక చూడండి అంటారు. గ్రే ప్లవర్‌ది పొట్టి ముక్కు, నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగి కంటికి కనపడినదాన్నే పొడుస్తుంది. గాడ్‌విట్ అలా కాదు, పొడుగాటి ముక్కు బురదలోకి దించేసి లోపల తడుముకుంటుంది. టర్న్‌స్టోన్ అయితే రాళ్ళూ నాచూ తిరగేసుకుంటూ పోతుంది. ఒకే బురదలో ఇన్ని రకాలు కొట్టుకోకుండా ఎలా తింటున్నాయో ఇది చూశాకే అర్థమైంది నాకు.

గాడ్‌విట్ల గురించి ఇంకోటి చెప్పారు, 2022లో ట్యాగ్ పెట్టిన బార్ టెయిల్డ్ గాడ్‌విట్ పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, ఎక్కడా వాలకుండా ఎగిరింది, అప్పటికి దాని వయసు ఐదు నెలలేనట! అంత ప్రయాణానికి కావాల్సిన కొవ్వు ఇలాంటి బురదల్లో తినే ఒంటికి పట్టించుకోవాలి మరి, మనం ఫోటో కోసం ఒక్కసారి గుంపుని లేపామంటే అవి తినే టైం పోయినట్టే, పైగా ఎగిరిన ఖర్చు. అందుకే ఎవరు ముందుకెళ్ళబోయినా వెంటనే ఆపేస్తారు, ఫోన్లో కూతలు పెట్టి పిలవడం అసలు ఒప్పుకోరు. కొంతమంది మొహం మాడ్చుకున్నారు గానీ నాకైతే చాలా నచ్చింది. కాసేపటికి పెరిగ్రిన్ ఫాల్కన్ అనే వేట డేగ వచ్చి మొత్తం గుంపు లేచింది, పిట్టలన్నీ ఒకేసారి తిరిగినప్పుడు తెల్లగా మెరిసి మళ్ళీ నల్లబడటం, అబ్బా, ఎవరూ ఫోన్ కూడా తియ్యలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే స్టాండ్ మీద పెట్టి చూసే స్కోప్ (పెద్ద దుర్భిణి) ఒక్కటే ఉంది, మన వంతు వచ్చేసరికి పిట్ట ఉండదు, ఇంకోటి ఖచ్చితంగా కావాలి. వాళ్ళిచ్చే బైనాక్యులర్లు 10x42వి (10 రెట్లు పెద్దగా చూపించేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు), కొత్తవాళ్ళకి చెయ్యి వణికి బొమ్మ నిలబడదు, 8x42 అయితే హాయిగా ఉంటుంది, సొంతది ఉంటే తెచ్చుకోండి. చెక్క వంతెన మీద నీడ లేదు, టోపీ నీళ్ళు మర్చిపోవద్దు, సాయంత్రం వాక్ అయితే దోమలు బాగా ఉంటాయి.

అమావాస్య పౌర్ణమి అయిన ఒకట్రెండు రోజులకి పోటు బాగా పెద్దగా వస్తుంది, పిట్టలు అన్నిటికన్నా దగ్గరికొచ్చేది అప్పుడే, ఆ తేదీలకి సీట్లు ముందే అయిపోతాయి కాబట్టి క్యాలెండర్ చూసుకుని బుక్ చేసుకోండి.