విలేకరి వెంట వెళ్లి వినాలా, వాళ్ల డైరీనే వినాలా?

అంతర్జాతీయ వార్తల్లో మనుషులు అంకెలుగానే వస్తారు. ఇన్ని లక్షల మంది వలసపోయారు, ఇన్ని వేల మంది సరిహద్దు దగ్గర ఆగిపోయారు, ఇంతమందికి రోగం సోకింది. ఆ వేలల్లో ఒకరు పొద్దున్నే లేచి ఏం చేస్తారు, పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతారు, అప్పు ఎవరినడుగుతారు అనే సంగతులకు బులెటిన్‌లో చోటుండదు. ఆడియో డాక్యుమెంటరీ ఉన్నదే వాటి కోసం. ఎదురుగా కెమెరా లేకపోతే మనుషులు బిగుసుకుపోరు. ముఖం బయటపడదు గనుక వీడియోకు ససేమిరా అన్నవాళ్లు కూడా మాట్లాడటానికి ఒప్పుకుంటారు.

అయితే ఈ పేరుతో వచ్చేవన్నీ ఒక్క బాపతు కావు. విలేకరి మనల్ని వెంటబెట్టుకుని వెళ్లి చూపించేవి ఒక రకం. రికార్డర్‌ను ఆ మనిషి చేతికే ఇచ్చి, తన రోజుల్ని తననే చెప్పుకోనిచ్చే ఆడియో డైరీలు రెండో రకం. రోజువారీ వార్తా పాడ్‌కాస్టులు మూడో రకం. మన చేతిలో ఉన్నది ఒక్క గంటే అయితే దేనికివ్వాలి?

మూడో రకం సంగతి ముందే తేల్చేద్దాం. న్యూయార్క్ టైమ్స్ 2017లో మొదలుపెట్టిన 'ది డైలీ' లాంటివి చాలావరకు ఒక పద్ధతిలో నడుస్తాయి. వార్త రాసిన విలేకరి స్టూడియోలో కూర్చుని, ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో సాటి పాత్రికేయుడికి వివరిస్తాడు. వార్త అర్థం కావడానికి ఇది మంచి దారి, అందులో సందేహం లేదు. కానీ ఆ వార్తలో చిక్కుకున్న మనిషి మాట అక్కడ ఎక్కువసార్లు ఉదాహరణగానే వస్తుంది, కాసేపు వినిపించి వెళ్లిపోతుంది. ఒక్క మనిషి మీదే నడిచే మంచి ఎపిసోడ్లు అప్పుడప్పుడూ లేకపోలేదు. రోజూ కొత్తది వండి వార్చాల్సిన చోట ఒకరి పక్కన నెలల తరబడి కూర్చోవడం మాత్రం కుదిరే పని కాదు. అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

డైరీ ఏం చేయగలదో తెలియాలంటే థెంబి గుబానే రికార్డింగులు వినాలి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ శివారు ఖయెలిట్షా ఆమె ఊరు. ఆ రోజుల్లో ఆ దేశం గురించి ప్రపంచమంతా రాస్తున్నది ఒకటే: 50 లక్షల మందికి పైగా హెచ్‌ఐవీ, ఎయిడ్స్‌కు ఆ వైరస్సే కారణమా అని శంకించిన అధ్యక్షుడు థాబో ఎంబెకి, వెల్లుల్లీ బీట్‌రూట్ తినమన్న ఆరోగ్య మంత్రి. ఈ గొడవ మధ్యలో 'రేడియో డైరీస్' సంస్థ నిర్మాత జో రిచ్‌మన్ పంతొమ్మిదేళ్ల థెంబి చేతికి ఒక రికార్డర్ ఇచ్చారు. ఏడాది పాటు ఆమె దాన్ని వెంట తిప్పుకుంది. 2006లో అమెరికాలోని ప్రజా రేడియో సంస్థ ఎన్‌పీఆర్‌లో ఆ డైరీ ప్రసారమైంది.

అందులో ఆమె రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడుతుంది. తన ఒంట్లో దూరిన వైరస్‌ను ఎదురుగా పిలిచి మాట్లాడుతుంది. నువ్వు నా ఇంట్లోకి చొరబడ్డావు, ఉంటే నేను చెప్పినట్టు ఉండాలి అన్న ధోరణిలో, దబాయించినట్టు. దాన్ని ఆమె ప్రార్థన అంటుంది. తనకు హెచ్‌ఐవీ ఉందని తండ్రికి చెప్పినప్పుడు కూడా రికార్డర్ నడుస్తూనే ఉంది. ఏ విలేకరైనా ఆ గదిలో ఉండి ఉంటే ఆ తండ్రి అలా మాట్లాడగలిగేవాడని నేను అనుకోను. పరాయి మనిషి ముందు తండ్రి తండ్రిలా ఉండడు, పెద్దమనిషిలా ఉంటాడు. డైరీకి ఉన్న బలమంతా ఇదే: గదిలోకి అదనంగా ఎవరూ రారు.

ఇంకోటి కూడా ఉంది. థెంబి బాధితురాలి పాత్ర పోషించదు. నవ్వుతుంది, కోపగించుకుంటుంది, ప్రేమించినవాడి గురించి చెబుతుంది. విలేకరి వచ్చి అడిగితే ఎవరైనా వార్తకు సంబంధించిన సంగతులే చెబుతారు, ఎందుకంటే అడిగేది వాటి గురించే. తనంతట తాను చెప్పుకునేటప్పుడు వార్తతో సంబంధం లేనివి కూడా వస్తాయి. మనిషి బతుకులో ఎక్కువ భాగం అలాంటివే గదా. 2009లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, మందులకు లొంగని క్షయతో ఆమె చనిపోయింది. ఆ సంగతి తెలిసి మళ్లీ వింటే అద్దం ముందు మాటలు వేరేగా తగులుతాయి.

మరి విలేకరి ఎందుకు? 2019 నవంబరులో 'దిస్ అమెరికన్ లైఫ్' అనే అమెరికా రేడియో కార్యక్రమంలో వచ్చిన 'ది అవుట్ క్రౌడ్' ఎపిసోడ్ దానికి జవాబు. అమెరికాలో ఆశ్రయం కోరి వచ్చినవాళ్లను, కేసు తేలేదాకా మెక్సికోలోనే ఉండమని వెనక్కి పంపే విధానం ఆ ఏడాది జనవరిలో మొదలైంది. ఎపిసోడ్‌లో మొదట మెక్సికో సరిహద్దు ఊరు మాటామొరోస్‌లో వంతెన దగ్గరి గుడారాలు వినిపిస్తాయి. తర్వాత విలేకరి మాలీ ఓటూల్ ఆశ్రయ అధికారులతో మాట్లాడుతుంది. శరణు కోరినవాళ్లను ఇంటర్వ్యూ చేసి, ప్రమాదమని మనసుకు తెలిసి కూడా వెనక్కి పంపే కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చినవాళ్లు వీళ్లు. మరో భాగంలో ఎమిలీ గ్రీన్ అనే విలేకరి ఒక తండ్రీ కొడుకుల వెంట ఉంటుంది. వాళ్లను వెనక్కి పంపిన కొద్ది గంటల్లోనే దుండగులు ఎత్తుకుపోయారు. డబ్బు కోసం బెదిరిస్తూ అమెరికాలో ఉన్న అతని సోదరికి వచ్చిన ఫోన్ కాల్స్ రికార్డింగులు కూడా మనకు వినిపిస్తాయి.

ఇక్కడ డైరీ చేయలేని పని ఒకటి జరిగింది. విలేకరి బల్లకు రెండు వైపులా కూర్చోగలిగింది. ఆ తండ్రి చేతికి రికార్డర్ ఇస్తే అతని భయం మనకు అందేది, సంతకం పెట్టిన అధికారి మనసులోని బాధ అందేది కాదు. ఆ విధానం ఎవరిది, ఎవరి చేతుల మీదుగా ఎలా అమలవుతోంది అన్నది ఒక గదిలోంచి కనబడదు. పులిట్జర్ బహుమతుల్లో ఆడియోకు 2020లో మొదటిసారి చోటిస్తే, ఆ తొలి బహుమతి ఈ ఎపిసోడ్‌కే దక్కింది. దక్కవలసిందే.

విలేకరి ఉన్నంత మాత్రాన నమ్మకం దానంతటదే రాదు. న్యూయార్క్ టైమ్స్ 2018లో వెలువరించిన 'కాలిఫేట్' ధారావాహిక ఐసిస్‌లో పనిచేశానన్న ఒక కెనడా యువకుడి మాటల మీద ఎక్కువగా ఆధారపడింది. చంపానని అతను చెప్పిన తీరు, మధ్యలో ఆగిన చోట్లు, వెనక సంగీతం అన్నీ కలిసి వినేవాళ్లను కట్టిపడేశాయి. 2020లో కెనడా పోలీసులు అతను కట్టుకథ చెప్పాడని కేసు పెట్టారు. ఆ డిసెంబరులో ఆ కథనం తమ ప్రమాణాలకు తగ్గట్టు లేదని పత్రిక ఒప్పుకుంది, వచ్చిన పీబాడీ పురస్కారాన్ని తిరిగి ఇచ్చేసింది. వణుకుతున్న గొంతు వినగానే నిజమే చెబుతోందని మనకు అనిపిస్తుంది. ఆడియోకు ఉన్న శక్తీ అదే, ప్రమాదమూ అదే. డైరీకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, చెప్పేవాళ్ల మాట తప్ప అందులో వేరే ఆధారం ఉండదు. అయితే థెంబి డైరీ ఎవరినీ నేరస్తుల్ని చేయదు. తన రోజు తాను చెప్పుకుంటోంది, అంతే. ఇతరుల మీద ఆరోపణ మోపే కథనానికి, సొంత బతుకు చెప్పుకునే కథనానికి ఒకే స్థాయి రుజువులు అడగనక్కర్లేదు.

డైరీ అంటే మధ్యలో ఎవరూ లేరని అనుకోవడం కూడా సరికాదు. రికార్డర్ ఎవరికివ్వాలో తేల్చేది నిర్మాత. ఏడాది రికార్డింగుల్లోంచి ప్రసారానికి సరిపడా నిమిషాలు ఏరేదీ నిర్మాతే. విలేకరి డాక్యుమెంటరీలో ఆ మధ్యవర్తి గొంతు మనకు వినబడుతుంది, డైరీలో వినబడదు. అందుకే ఎంత కాలం రికార్డు చేశారు, ఎవరు ఎడిట్ చేశారు అన్నది మొదట్లోనో చివర్లోనో చెప్పే డైరీలను నేను ఎక్కువ నమ్ముతాను.

వినేటప్పుడు గమనించాల్సింది ఒకటి చెబుతాను. వేరే భాషలో మాట్లాడేవాళ్ల గొంతును చాలా డాక్యుమెంటరీలు మొదట రెండు మూడు సెకన్లు వినిపించి, తర్వాత సౌండ్ తగ్గించేసి పైన ఇంగ్లీషు వాయిస్ ఓవర్ వేస్తాయి. అర్థం తెలియడానికి అది తప్పదు. కానీ మంచి నిర్మాతలు వాక్యం చివర మళ్లీ అసలు గొంతును పైకి తెస్తారు. ఆ మనిషి ఊపిరి తీసుకోవడం, మాట పెగలక ఆగిపోవడం మనకు అందుతాయి. అలసటో కోపమో అక్కడే తెలిసిపోతుంది, అనువాదం చేసిన నటి గొంతులో అది రాదు. స్పానిష్‌లోనే తయారయ్యే 'రేడియో ఆంబులాంటే' లాంటి పాడ్‌కాస్టులు ఈ బాధ లేకుండా లాటిన్ అమెరికా జీవితాలను వాళ్ల మాటల్లోనే చెబుతాయి. భాష రాకపోయినా వెబ్‌సైట్‌లో ఇచ్చే ఇంగ్లీషు పాఠం చదువుకుంటూ వినొచ్చు. కష్టమే, కానీ ఆ కష్టానికి ఫలితం ఉంటుంది.

అసలు గొంతులకే చోటివ్వాలన్న పట్టుదల కొత్తదేమీ కాదు. 1957 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో ఆవిరి పైపు పగిలి బ్రేకులు పనిచేయని గూడ్సు రైలును వదలకుండా జాన్ ఆక్సన్ అనే డ్రైవర్ ప్రాణం పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది బీబీసీలో చార్లెస్ పార్కర్ బృందం దాని మీద చేసిన కార్యక్రమంలో, నటుల చేత చదివించే అలవాటును పక్కనపెట్టి రైల్వే కార్మికుల మాటలనే ప్రసారం చేసింది. వాళ్ల పని, వాళ్ల యాస, ఇంజన్ మీద వాళ్ల ప్రేమ అన్నీ అందులోకి వచ్చాయి.

ఇక ఆ ఒక్క గంట సంగతి. వార్త ఇంకా నడుస్తూ ఉండి, ఒకరు చెప్పేదాన్ని ఇంకొకరు కాదంటూ ఉంటే విలేకరి డాక్యుమెంటరీకే ఓటు. యుద్ధం, సరిహద్దు, ఎన్నికల హింస ఇలాంటివన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అందులో కూడా విలేకరి తానెలా నిర్ధారించుకున్నదీ చెప్పాలి, అవతలి పక్షం దగ్గరికి వెళ్లి ఉండాలి. ఈ రెండూ లేకపోతే పదో నిమిషంలో ఆపేయండి. రోగం, ఏళ్ల తరబడి సాగే శరణార్థి శిబిరం, జైలు, పని కోసం దేశం దాటిన బతుకు లాంటి దీర్ఘకాలపు సంగతులైతే నిస్సందేహంగా డైరీ. ఈ రెండో జాబితా చాలా పెద్దది. వార్తల్లోంచి తప్పుకున్నాక కూడా కొనసాగే బతుకులే ఎక్కువ గనుక, మొత్తం మీద డైరీయే మేలంటాను. ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూసుకోండి: యుద్ధం మొదలైన రెండో రోజు నాలుగు వాయిస్ మెసేజ్‌లు అతికించి డైరీ అని పేరు పెట్టినవి చాలా వస్తాయి. వాటిని దాటేసి, నెలల తరబడి రికార్డు చేసినవి వెతుక్కోండి.