తొడ ఎముక విరిగాక మళ్లీ రేసు దాకా: స్మార్ట్ ట్రైనర్ రెండేళ్లకు పైగా వాడాక నా మాట

ఇది నలభై దాటిన ఒక ఔత్సాహిక సైకిల్ రేసర్ రాస్తున్న సమీక్ష. ప్రొఫెషనల్‌ని కాను. ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో హైదరాబాద్ చుట్టుపక్కల జరిగే చిన్న రేసుల్లో దిగే రకం. గుంపులో వెళ్తుంటే ముందు ఇద్దరు పడ్డారు, వాళ్ల మీద నేను పడ్డాను, కుడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు, కింద పైన స్క్రూలు బిగించారు. కర్రలతో నడక మొదలయ్యాక డాక్టరు స్టేషనరీ సైకిల్ తొక్కొచ్చన్నారు. అప్పుడు కొన్నదే ఈ డైరెక్ట్ డ్రైవ్ స్మార్ట్ ట్రైనర్. లక్షకు కాస్త తక్కువ పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే మెషీన్లన్నీ దాదాపు ఒకే తీరున పనిచేస్తాయి, నేను చెప్పే మంచీ చెడూ చాలావరకు వాటన్నిటికీ వర్తిస్తాయి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సైకిల్ వెనక చక్రం తీసేసి, చైన్‌ని నేరుగా మెషీన్‌కున్న క్యాసెట్ (గేర్ల పళ్లచక్రాల కట్ట) మీద ఎక్కిస్తాం. లోపల బరువైన ఫ్లైవీల్, దాన్ని పట్టి ఆపే విద్యుదయస్కాంతం ఉంటాయి. ఎన్ని వాట్లు తొక్కుతున్నామో అది కొలుస్తుంది, ఎంత బరువుగా తొక్కాలో ఫోన్‌లోని యాప్ దానికి చెబుతుంది. క్యాసెట్ చాలాసార్లు విడిగా కొనాలి. మీ సైకిల్ 11 స్పీడో 12 స్పీడో చూసుకుని, దానికి సరిపడే ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే భాగం) ఉందో లేదో అడిగి మరీ తీసుకోండి.

మొదటి నెలల్లో దీని అసలు గొప్పతనం వాట్లు కాదు. సైకిల్ కింద పడదు, అంతే. రాడ్ వేసిన కాలితో సైకిల్ ఎక్కడమే ఒక తతంగం. గోడ పక్కన ట్రైనర్, దాని పక్కన ఎత్తుపీట. ఎడమ చెయ్యి గోడకి ఆనించి, పీట మీదికెక్కి, మంచి కాలు అవతలికి వేసి, ఆపరేషన్ అయిన కాలిని చేత్తో పట్టుకుని పెడల్ మీద పెట్టుకునేవాణ్ని. షూని పెడల్‌కి బిగించే క్లీట్లు పెట్టుకుంటానంటే ఫిజియో ఒప్పుకోలేదు. “సార్, తొక్కేటప్పుడు ఏం కాదు. షూ ఊడదీయడానికి మడమ బయటికి తిప్పుతారు చూడండి, అప్పుడు తొడ మెలిపడుతుంది. ముందు మామూలు పెడల్స్ వేయండి” అన్నాడు. ఆ సలహా ఏ ప్రకటనలోనూ ఉండదు.

ఇంకో మంచి సలహా కూడా ఆయనదే: క్రాంక్, అంటే పెడల్ బిగించే కడ్డీ, పొట్టిది వేసుకోమని. పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు బాగా వంగాలి. వంగనప్పుడు నడుము పక్కకి ఎత్తి దొంగదారి వెతుక్కుంటాం. నా సైకిల్‌కి 172.5 మిల్లీమీటర్ల క్రాంకులుండేవి. 160 వేయించాక చక్రం తిరిగినట్టు కాలు తిరిగింది. ఇప్పటికీ 165 దాటలేదు, దాటే ఉద్దేశమూ లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ మెషీన్ల ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది ఈఆర్‌జీ మోడ్. 150 వాట్లు అని పెడితే, మీరు మెల్లగా తొక్కినా వేగంగా తొక్కినా 150 వాట్లే వచ్చేలా మెషీన్ బరువు మారుస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఇది బాగుంటుంది, బుర్ర వాడకుండా తొక్కుకుంటూ పోవచ్చు. నయమవుతున్న కాలికి మాత్రం ఇది పగవాడు. లెక్క చూడండి: నిమిషానికి 90 తిప్పుల మీద 150 వాట్లు తొక్కితే క్రాంక్ మీద పడే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 16 న్యూటన్ మీటర్లు. అలసి 60 తిప్పులకు పడిపోతే అదే 150 వాట్లకు 24 న్యూటన్ మీటర్లు కావాలి. అంటే కాలు నావల్ల కాదని మొరపెట్టుకుంటున్న క్షణంలోనే మెషీన్ బరువు ఒకటిన్నర రెట్లు చేస్తుంది. ఇంకాస్త నెమ్మదిస్తే ఇంకాస్త. చివరికి పెడల్ గడ్డకట్టుకుపోయినట్టు ఆగిపోతుంది. మొదటి ఆరు నెలలు దీని జోలికి వెళ్లకండి. మామూలు రెసిస్టెన్స్ మోడ్‌లో పెట్టి గేర్లతో సర్దుకోండి. అలసిపోతే బరువు దానంతటదే తగ్గుతుంది. ఆ కాలికి కావలసిందీ అదే.

రెండో సంగతి దీనికంటే ముఖ్యం. ట్రైనర్ చూపించే వాట్లు రెండు కాళ్లవీ కలిపి. ఎవరెంత పని చేశారో అది కొలవదు. కొన్ని యాప్‌లు ఎడమ కుడి అంటూ శాతాలు చూపిస్తాయి గానీ అదంతా అంచనాయే. రెండు వైపులా విడివిడిగా కొలిచే పవర్ పెడల్స్ స్నేహితుడి దగ్గర అరువు తెచ్చి బిగించిన రోజు, తెర మీద 150 వాట్లు నిలకడగా కనబడుతుంటే, కింద 64–36 అని ఉంది. మంచి కాలు 96 వాట్లు, రాడ్ కాలు 54. అప్పటిదాకా గ్రాఫ్ వారం వారం పైకి పోతోందని సంబరపడుతున్నదంతా ఎడమ కాలి పుణ్యమే. ఎడమ వైపు మాత్రమే కొలిచి దాన్ని రెట్టింపు చేసి చూపించే మీటర్లుంటాయి కదా, అది గనక నా సైకిల్‌కి ఉండి ఉంటే 192 వాట్లని చెప్పేది, ఇంకా మురిసిపోయేవాణ్ని.

అరువు పెడల్స్ తిరిగిచ్చేసి సొంతవి కొన్నాను. అక్కణ్ణించి ట్రైనర్‌కి నిజమైన ఉపయోగం దొరికింది. ఒక కాలు పక్కన స్టూలు మీద పెట్టి, రెండో కాలితో మాత్రమే తొక్కడం, ముప్పై సెకన్లు, ఆపడం, మళ్లీ. వినడానికి తేలికగా ఉంటుంది. పెడల్ కింది నుంచి పైకొచ్చే చోట ఆ బలహీనమైన కాలు ఒక్క క్షణం ఆగుతుంది, చైన్ వదులై టక్కుమంటుంది. ఆ టక్కు శబ్దం పోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది. ఇది రోడ్డు మీద చేసే పని కాదు, ట్రైనర్ మీదే సాధ్యం. దీనితో పాటు వ్యాయామశాలలో ఒంటికాలి స్క్వాట్లు, లెగ్ ప్రెస్ తప్పలేదు. తొడ చుట్టుకొలత టేపుతో కొలుచుకుంటే ఇప్పటికీ కుడిది కొంచెం సన్నమే.

టెస్ట్ గురించి కూడా చెప్పాలి. గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ శక్తిని, అంటే ఎఫ్‌టీపీని, ఇరవై నిమిషాల సగటులో 95 శాతంగా లెక్కేస్తాం. ప్రమాదానికి ముందున్న 230 వాట్లు ఒకానొక రోజు మళ్లీ తెర మీద కనిపించాయి. స్నేహితులు అభినందనలు పంపారు. అప్పుడు పెడల్స్ చెప్పిన లెక్క 57–43. కూర్చుని ఒకే తీరున తొక్కే ఇరవై నిమిషాల్లో మంచి కాలు ఆ తేడాని కప్పేసింది. అనంతగిరి ఎక్కుతూ సీటు మీంచి లేచి తొక్కితే కుడి వైపు దిగినప్పుడల్లా సైకిల్ వంకరపోయేది. ఎఫ్‌టీపీ తిరిగొచ్చిందని రేసుకు పేరిచ్చేవాళ్లకు నా మాట ఒక్కటే, ముందు ఆ రెండో అంకె చూడండి.

పెద్ద ప్రొఫెషనల్ రేసర్ల సంగతి చూసినా ఇదే. 2019 జూన్‌లో ఫ్రాన్స్‌లోని దోఫినే రేసు టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే పందెం) మార్గం చూసుకుంటూ పడ్డ క్రిస్ ఫ్రూమ్‌కి తొడ ఎముకతో సహా చాలా విరిగాయి. 2020 ఫిబ్రవరికి రేసుకొచ్చాడు గానీ పాత ఫ్రూమ్ మళ్లీ కనబడలేదు. కుడి కాలి బలహీనత గురించి ఆయనే బయటికి చెప్పాడు. ఏగన్ బెర్నాల్ 2022 జనవరిలో కొలంబియాలో బస్సుకి గుద్దుకుని తొడ, మోకాలి చిప్ప, వెన్నుపూసలు విరగ్గొట్టుకున్నాడు. ఆ ఆగస్టుకే డెన్మార్క్‌లో రేసు మొదలెట్టాడు, కానీ ఒక గ్రాండ్ టూర్‌లో (మూడు వారాల పెద్ద రేసులో) స్టేజి, అంటే ఒక రోజు పందెం, గెలవడానికి 2025లో స్పెయిన్‌లోని వుయెల్టా దాకా ఆగాల్సి వచ్చింది. మరోవైపు వింగెగార్డ్ 2024 ఏప్రిల్‌లో పడి, జూలైలో టూర్ ద ఫ్రాన్స్‌లో రెండో స్థానంలో నిలిచాడు. చాలామంది ఈ మూడోదాన్ని చూపించి “చూడు, మూడు నెలలు చాలు” అంటారు. ఆయనకి విరిగింది కాలర్‌బోన్, పక్కటెముకలు, ఊపిరితిత్తి దెబ్బతింది. అది ప్రాణం మీదికొచ్చిన దెబ్బే, కాదనను. కానీ కాళ్లు క్షేమం. కాలర్‌బోన్ విరిగినవాడికి ట్రైనర్ వరం: చెయ్యి మీద బరువు పడకుండా నిటారుగా కూర్చుని తొక్కితే ఫిట్‌నెస్ పెద్దగా పోదు. తొడ ఎముక విరిగినవాడికి అది చికిత్సలో ఒక పరికరం మాత్రమే. ఏ ఎముక విరిగిందన్న దాన్ని బట్టి ఈ మెషీన్ విలువ మారుతుంది.

ఇక మన ఇళ్లలో దీనితో ఉండే గొడవలు. వేడి మొదటిది. రోడ్డు మీద గాలి తగులుతుంది, గదిలో తగలదు. ఏప్రిల్, మే నెలల్లో అవే వాట్లకు గుండె నిమిషానికి పదిహేను సార్లు ఎక్కువ కొట్టుకునేది నాకు. సీలింగ్ ఫ్యాన్ దండగ. ఛాతీకి ఎదురుగా పెద్ద పెడెస్టల్ ఫ్యాన్ ఉండాల్సిందే. చెమట ఒంటికే కాదు సైకిల్‌కీ చేటు. ఒకసారి హ్యాండిల్‌బార్ టేపు విప్పితే కింద అల్యూమినియం మీద సున్నం లాంటి తెల్లటి పొడి, కొన్నిచోట్ల గుంటలు. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ బోల్టులు తుప్పుపట్టి అలెన్ కీకి కదల్లేదు. మంచి సైకిల్‌ని ట్రైనర్ మీద పెట్టకండి. పాతదేదైనా ఉంటే దానికి కేటాయించండి, రోజూ తడిగుడ్డతో తుడవండి.

శబ్దం లేదని ప్రకటనల్లో చెప్పేది చాలావరకు నిజం. గదిలో ఉన్నవాళ్లకి చైన్ చప్పుడు తప్ప వినబడదు. కానీ అదురు నేలలోంచి కిందికి దిగుతుంది. కింది ఫ్లాటు పెద్దావిడ లిఫ్టులో ఆపి, “ఏం బాబూ, తెల్లారకుండానే పిండిమర పెడుతున్నారా?” అని అడిగింది. దళసరి రబ్బరు మ్యాట్ రెండు పొరలు వేశాక ఆవిడ మళ్లీ అడగలేదు.

కరెంటు పోతే నా మోడల్లో బరువు ఒక్కసారిగా తేలిపోతుంది, కాళ్లు గాల్లో తిరిగినట్టవుతుంది. నొప్పి కాలికి ఆ కుదుపు మంచిది కాదు. ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే పెట్టుకోండి. ప్లగ్గు అక్కర్లేకుండా పనిచేసే ఖరీదైన మోడళ్లూ ఉన్నాయి. ఏడాదిన్నర దాటాక లోపల గరగర మొదలైంది, బేరింగ్ అన్నారు. సర్వీసు వేరే ఊళ్లో. ఇరవై కిలోలకు దగ్గరగా ఉండే ఈ బరువుని పంపడానికి అసలు డబ్బా కావాలన్నారు, అదృష్టవశాత్తూ మా ఆవిడ దాన్ని అటక మీద దాచింది. రానూపోనూ నెల పైనే పట్టింది.

కచ్చితత్వం విషయంలో ఫిర్యాదు లేదు. పెడల్స్ కంటే ట్రైనర్ నాలుగైదు వాట్లు తక్కువ చూపిస్తుంది. చైన్‌లో కొంత శక్తి పోతుంది కాబట్టి అలాగే ఉండాలి. పది నిమిషాలు తొక్కి మెషీన్ వేడెక్కాకే కాలిబ్రేట్ చేయండి, అంటే కొలత సరిచూసుకోండి.

జ్విఫ్ట్ అనే యాప్‌లో వర్చువల్ రేసులు తొక్కాను. మైవూష్ అనే యాప్ అయితే ఉచితం. గుండె నోట్లోకి వచ్చే ఆ తీవ్రత, మొదటి రెండు నిమిషాల్లోనే ఊపిరాడకపోవడం, ఇవి ఒంటరిగా ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు తేలికగా తొక్కే సాధన) చేస్తే రావు. ఆ అలవాటు తిరిగి తెచ్చింది వర్చువల్ రేసులే. కానీ అందులో మలుపు లేదు, బ్రేకు లేదు, పక్కవాడి మోచెయ్యి లేదు. పడిపోయిన మనిషికి పోయేది కండ ఒక్కటే కాదు. బయట మొదట వెళ్లింది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద ఉన్న సైకిల్ ట్రాక్‌కి. 2023లో తెరిచారు, మొత్తం 23 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5. కార్లు రావు, కుక్కల భయం తక్కువ. అక్కడ ఒంటరిగా బాగానే ఉన్నా, ఎవరైనా పక్కన అరమీటరు దూరంలోకి వచ్చారంటే వేళ్లు వాటంతటవే బ్రేకు మీదికి పోయేవి. దానికి మందు పాతకాలపు పద్ధతి: గడ్డి మైదానంలో స్నేహితుడితో భుజం భుజం రాసుకుంటూ, నడక వేగంతో తొక్కడం. పడినా గడ్డే. ఏ యాప్‌లోనూ ఆ పాఠం లేదు.

రేసుల్లోకి టైమ్ ట్రయల్‌తో వచ్చాను, అందులో గుంపు ఉండదు కాబట్టి. పాత సమయానికి దగ్గరగానే తొక్కాను. తర్వాత అందరూ కలిసి బయల్దేరే మాస్ స్టార్ట్‌లో గుంపుతోనే ముగించాను గానీ చివరి స్ప్రింట్‌లో చెయ్యెత్తి పక్కకి తప్పుకున్నాను. ట్రైనర్ మీద సైకిల్ పక్కలకు ఊగదు కాబట్టి స్ప్రింట్ సరిగ్గా సాధన కాదు, ఫ్రేమ్ మీద ఒత్తిడి కూడా. ఊగే పలక కింద పెడితే కొంత నయం. అన్నిటికంటే ఆఖరుకి తిరిగొచ్చేది స్ప్రింటే, నాకింకా రాలేదు.

గాయం తర్వాత తొక్కడానికి ఏది కొనమంటావని అడిగేవాళ్లకి: చేతిలో లక్షన్నర ఉంటే, లక్ష పోసి మెషీన్ కొని మిగతాది యాప్‌లకి పెట్టొద్దు. వెనక చక్రాన్ని రోలరుకి ఆనించే చవకరకం ట్రైనర్, సెకండ్ హ్యాండైనా సరే, తీసుకోండి. మిగిలిన డబ్బుతో రెండు వైపులా కొలిచే పెడల్స్ కొనండి. అవి రేసులోనూ సైకిల్ మీదే ఉంటాయి. డైరెక్ట్ డ్రైవ్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మాత్రం, పెద్ద గేరులో గట్టిగా తిప్పి వదిలేసి, ఫ్లైవీల్ ఆగేదాకా చెవి దగ్గర పెట్టి వినండి. గరగరమంటే బేరమాడకుండా వచ్చేయండి.